వ్యానుకి కుట్టిన వాకిలి

ఆ వీధిలో ఎవరినడిగినా ఫిట్టింగ్ మాస్టారి ఇల్లు చూపిస్తారు. అసలు పేరేమిటని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. కుట్టుపని మొదలుపెట్టిన కొత్తలో ఆయన ఒక లావుపాటి లాయరుకి కోటు కుట్టాడట. అది తొడుక్కుని బయటికొస్తే, పాపం ఏదో జబ్బు చేసి చిక్కిపోయాడని జనం పరామర్శించారట. అప్పటినుంచి ఆ పేరు అతుక్కుపోయింది. మనిషిని పైనుంచి కిందిదాకా ఒకసారి చూస్తే చాలు, మెడలో టేపు మెడలో ఉండగానే ఛాతీ ఎంతో నడుమెంతో చెప్పేస్తాడు. గుడ్డ ఒంటిమీద ఒక్క ముడత లేకుండా కూర్చోవాలి. వదులుగా కుట్టడమంటే ఆయన దృష్టిలో పని రాకపోవడమే.

ఇంకో పేరు కూడా ఉంది కానీ అది ఎవరూ ఎదురుగా అనరు. "రేపు రండి మాస్టారు." చెప్పిన రోజుకి బట్టలిచ్చిన పాపాన ఆయన ఏనాడూ పోలేదు. "రేపు రండి, బొత్తాలొక్కటే మిగిలాయి" అంటాడు. అప్పటికి గుడ్డ కత్తిరించి కూడా ఉండదు. జనం కాళ్ళరిగేలా తిరుగుతారు, నోరారా తిడతారు, మళ్ళీ గుడ్డ కొన్నాక ఆయన దగ్గరికే తెస్తారు.

తిట్టేవాళ్ళంటే మాస్టారికి భయం లేదు. "చంకలో పట్టేస్తోంది, ఏం కుట్టావయ్యా" అని బల్లమీద చొక్కా విసిరికొట్టినవాడు రేపు మళ్ళీ వస్తాడు. భయమంతా రెండో రకంతోనే. తొడుక్కుని చూసుకుని, "బాగానే ఉందండీ" అని చిన్నగా నవ్వి, పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయే రకం. వాళ్ళిక కనపడరు. ఏం నచ్చలేదో చెప్పరు. మనమేం తప్పు చేశామో తెలియక ఆ రాత్రి భోజనం సహించదు. అన్నేళ్ళ దుకాణంలో మాస్టారు మనుషుల గురించి నేర్చుకున్నదేమైనా ఉంటే ఇదొక్కటే.

ఆయన భార్య మొదటి రకం. ఆస్పత్రిలో దుప్పట్లూ దిండు గలీబులూ చూసుకునే ఉద్యోగం ఆవిడది. మొదటి భర్త పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. నర్సుల గౌన్లు కుట్టించడానికి దుకాణానికొచ్చింది. రేపు రండి అంటే నిజంగానే రేపు వచ్చింది. ఎల్లుండి కూడా వచ్చింది. వచ్చినప్పుడల్లా మాస్టారిని ఉతికి ఆరేసింది. గౌన్లు పూర్తయ్యాక ఆవిడ రాని మొదటిరోజు మాస్టారికి మిషను తొక్కబుద్ధి కాలేదు. ఈ వయసులో ఇదేం పిచ్చిరా నాయనా అని తనను తనే తిట్టుకుని, చివరికి ధైర్యం చేసి అడిగేశాడు. ఆవిడ ఒక పూటంతా ఆలోచించి సరేనంది. వీధి కొన్నాళ్ళు చెవులు కొరుక్కుని, కొత్త కబురు దొరకగానే ఊరుకుంది.

నోరు విప్పనిది ఒక్కతే, ఆవిడ కూతురు.

ఆ అమ్మాయి బేకరీ వ్యాను నడుపుతుంది. తెల్లారకముందే రొట్టెలు ఎక్కించుకుని దుకాణాలన్నిటికీ వేసుకుంటూ తిరుగుతుంది. తల్లి పెళ్ళినాటికే తన ఉద్యోగం తనది, తన గది తనది. పెళ్ళికి రావడమైతే వచ్చింది. సాక్షి సంతకం పెట్టమంటే పెట్టింది. నవ్వమంటే నవ్వింది. తర్వాత మాస్టారితో "అంతా బాగా జరిగిందండీ" అని వెళ్ళిపోయింది. ఆ మాట వినగానే మాస్టారికి గుండెల్లో రాయి పడింది. అది రెండో రకం కస్టమరు మాట.

అప్పటినుంచి వారానికోసారి తల్లిని చూడటానికి వస్తుంది కానీ వ్యాను దిగదు. వీధి ఇరుకు. పెద్ద బండి ఆగితే వెనక సైకిలు కూడా కదలదు. "ఆపడానికి చోటు లేదమ్మా" అంటుంది. తల్లి చెప్పులేసుకుని పరుగెత్తుకెళ్ళి, అవతలివైపు తలుపు తీసి పక్క సీట్లో కూర్చుంటుంది. వెనక హారన్లు మోగేదాకా తల్లీకూతుళ్ళు అలా వ్యానులోనే మాట్లాడుకుంటారు. మాస్టారు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతాడు. ఇంకో అడుగు ముందుకేస్తే చొరవ ఎక్కువైందనుకుంటుందేమోనని ఆయన భయం. "బాగున్నారా టైలరు గారూ" అంటుంది ఆ పిల్ల కిటికీలోంచి. మర్యాదకు ఏ లోటూ లేదు. ఆ మర్యాదే మాస్టారిని నమిలి మింగేస్తోంది.

నాన్నా అని పిలిపించుకోవాలన్న ఆశ ఆయనకేం లేదు. ఆ పిల్ల నాన్న ఫోటో గోడమీద ఉంది, దానికి దుమ్ము దులిపేది ఈయనే. దిగి లోపలికొచ్చి, కుర్చీలో చతికిలబడి, "అబ్బ, ఫ్యాను వేయండి" అంటే చాలు. అది అడగడానికి నోరు రాదు. చోటు లేక దిగడం లేదా, నేనుండబట్టి దిగడం లేదా? ఈ ఒక్క సంగతి తేలక ఆయన చేతికింద గుడ్డలు తప్పుగా తెగడం మొదలుపెట్టాయి. ఒక చొక్కాకి రెండు ఎడమ చేతులు పెట్టాడంటే ఆయన అయోమయం ఏ స్థాయికి చేరిందో మీరే ఊహించుకోండి.

ఆ చొక్కా విప్పుతుండగానే ఆయనకు వాకిలి కనపడింది. రోజూ కనపడేదే, ఆ రోజు వేరేగా కనపడింది. ఇంటిముందు మట్టినేల, ఒక మూల కుళాయి, బట్టలారేసే తీగ, పాత మిషను కాళ్ళు, పనికిరాని బల్ల, గోడపక్కన భార్య పెంచుకుంటున్న మందారం. ఆ చెత్తంతా తీసేస్తే ఒక వ్యాను పట్టదూ?

"ఏమోయ్, వాకిట్లో బండలు పరిపిద్దాం" అన్నాడు భోజనం దగ్గర. "వ్యాను పెట్టుకోవడానికి చోటు, చుట్టూ పూలమొక్కలు. ముచ్చటగా ఉంటుంది."

ఆవిడ ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. ఆవిడ ముద్ద కంచంలో వదిలేసింది.

"ఎందుకిప్పుడు?"

"ఎందుకంటావేమిటి? అమ్మాయి..."

"ఇప్పుడేం తక్కువైంది? వస్తోంది, మాట్లాడుతోంది, వెళ్తోంది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వరు కదా మీరు! నా మందారం జోలికొస్తే మాత్రం ఊరుకోను, చెప్తున్నా."

మందారం గురించి కాదని మాస్టారికి కూడా అర్థమైంది. మరి దేని గురించో మాత్రం బుర్ర బద్దలు కొట్టుకున్నా తట్టలేదు. కన్నకూతురు ఇంట్లోకి వస్తుందంటే వద్దనే తల్లి ఉంటుందా? అయినా ఆయన మొండిమనిషి. వద్దనలేదు కదా, మందారం జోలికి రావద్దంది, అంతేగా అని తనకు కావలసినట్టు అర్థం చేసుకున్నాడు.

తర్వాతి వారం వ్యాను వచ్చినప్పుడు గుమ్మంలో మాస్టారు లేడు. తల్లీకూతుళ్ళు వ్యానులో కబుర్లలో ఉండగా, వంగుని వ్యాను వెనకనుంచి ముందుకు పాకుతున్నాడు. మెడలో టేపు తీసి వెడల్పు చూశాడు, పొడుగు చూశాడు, నేలనుంచి కిటికీ ఎంత ఎత్తులో ఉందో చూశాడు. తల్లి ఎక్కేటప్పుడు తలుపు ఎంత దూరం తెరుచుకుంటుందో అప్పటికే కంటితో కొలిచి పెట్టుకున్నాడు. అద్దంలో ఆయన నెత్తి కనపడి ఆ పిల్ల తల బయటపెట్టింది.

"ఏమైనా పోయిందా టైలరు గారూ?"

"బొత్తం... బొత్తమమ్మా. ఇక్కడే ఎక్కడో పడింది."

"దొరికిందా?"

"దొరికింది, దొరికింది" అని ఖాళీ పిడికిలి చూపించి లోపలికి పారిపోయాడు.

ఆ సాయంత్రం కటింగు కాగితాలు అతికించి వ్యాను ఎంత ఉందో అంత కత్తిరించాడు. వాకిట్లో పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా ఇస్త్రీపెట్టెలూ రాళ్ళూ పెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. అలా గీశాక చేతులు నడుముకు పెట్టుకుని చూసుకుంటే, అహా, కోటు గుడ్డమీద తొలి గీత గీసినప్పటి సంబరం కలిగింది. దారినపోయేవాళ్ళు ఆగి చూసి, మాస్టారు ఏనుగుకి చొక్కా కుడుతున్నాడా అని నవ్వుకున్నారు.

సంబరం అక్కడితో సరి. మేస్త్రి వచ్చాక అసలు గందరగోళం మొదలైంది.

మేస్త్రి మంచివాడే. ఆ మంచితనమే చావుకొచ్చింది. ఆయన అడిగే ప్రశ్నలకు అంతుండదు, మనం అడిగేవాటికి ఒకటే జవాబు.

"నునుపు బండలా, గరుకువా?" అని అడిగాడు.

"ఏవి మంచివి?"

"రెండూ బాగానే ఉంటాయండీ. నునుపువైతే చూపుకి బాగుంటాయి, వానకి జారుతాయి. గరుకువైతే జారవు, మురికి పడుతుంది. మీ ఇష్టం."

"గరుకువి వెయ్యి."

"వేస్తాను. వాలు ఎటుండాలి? వీధివైపు పెడితే నీళ్ళు వీధిలోకి పోతాయి, అందరూ మిమ్మల్ని తిడతారు. ఇంటివైపు పెడితే ఇంట్లోకొస్తాయి, ఆవిడగారు తిడతారు."

"మరెలా?"

"రెండూ ఉన్నవేనండీ. మీ ఇష్టం."

మాస్టారికి తల తిరిగిపోయింది. గుడ్డకి వాలు ఉండదు, వాన పడదు. గేటు లోపలికి తెరవాలా, బయటికా? లోపలికైతే వ్యానుకి తగులుతుంది, బయటికైతే వీధికి అడ్డం. మొక్కలు నేలలోనా, తొట్లలోనా? మొత్తం బండలే పరిచేస్తే ఎండకి పెనంలా కాలిపోదా? అసలు బండలే లేకపోతే చక్రాలు దిగబడవా? దుకాణంలో కూర్చుంటే కత్తెర ముందు వాకిలి కనపడేది, వాకిట్లో నిలబడితే కుట్టాల్సిన బట్టలు గుర్తొచ్చేవి. ఎవరో పెళ్ళికొడుకు వచ్చి కోటు అడిగితే, "వాలు ఎటు పెట్టమంటావు?" అని అడిగాడు.

చివరికి గుడ్డలోంచే దారి దొరికింది. మేస్త్రిని కూర్చోబెట్టి చెప్పాడు. "చూడు, చొక్కా అంతా దళసరి గుడ్డతో కుట్టం కదా. కాలరుకీ మణికట్టుకీ లోపల గట్టి గుడ్డ పెడతాం, మిగతాది మామూలుగా వదిలేస్తాం. అలాగే చక్రాలు నడిచేచోట మాత్రం గరుకు బండలతో రెండు పట్టీలు వెయ్యి. మధ్యలో, వ్యాను కడుపు కింద, నేలమీద పాకే పచ్చటి మొక్కలు పెడదాం. బండకీ బండకీ మధ్య సందు వదిలి గులకరాళ్ళు పోస్తే వాన నీళ్ళు అక్కడే ఇంకుతాయి. కొంచెమే వీధిలోకి పోతాయి. గేటు రెండు మడతలు పెట్టి గోడకు ఆనించేద్దాం."

"బాగానే ఉంటుందండీ" అన్నాడు మేస్త్రి. ఆయన ఏదైనా బాగానే ఉంటుందంటాడు కాబట్టి మాస్టారికి ఏమీ తేలలేదు.

ఇక అందాల దగ్గరికొచ్చేసరికి మాస్టారు రెచ్చిపోయాడు. ఇంటి గుమ్మం నుంచి వ్యాను అవతలి తలుపుదాకా ఎర్ర ఇటుకల బాట, భార్య చెప్పులకు బురద అంటకుండా. ఆ తలుపు బార్లా తెరిచినా తగలనంత ఖాళీ. మందారం దగ్గర బాట కాస్త వంగి పక్కకు తప్పుకుంటుంది. స్టీరింగు వైపు మాత్రం ఇటుకలతో ఎత్తుగా, పొడుగ్గా పూలమడి. ఎంత ఎత్తంటే, సీట్లో కూర్చుని పక్కకు తిరిగితే కిటికీ పక్కనే పూలుండాలి. తెల్లారకముందే లేచి రోజంతా రోడ్డు చూసే పిల్ల, ఇక్కడికొచ్చి కూర్చున్న కాసేపైనా పూలు చూడనీ అనుకున్నాడు. మడి వ్యానుని ఒరుసుకోకూడదు, అలాగని దూరంగానూ ఉండకూడదు. ఒంటికి పట్టినట్టుండాలి. టేపు పెట్టి మరీ మేస్త్రి చేత గీత కొట్టించాడు.

నేల తవ్వడం సగమైన రోజు సాయంత్రం భార్య గలీబులు మడతపెడుతూ ఉన్నట్టుండి ఏడ్చేసింది. మాస్టారు కంగారుపడి, "మందారానికేం కాలేదే, చూడు, వంపు తిప్పించాను కూడా" అన్నాడు.

"మందారం సంగతి కాదు, మీ మొహం!" అంది ఆవిడ. "మీకు నిజంగానే అర్థం కావడం లేదా? ఇన్నాళ్ళూ అది దిగకపోతే, పాపం చోటు లేక అని నాకు నేను చెప్పుకుంటున్నాను. చోటు కట్టించాక కూడా దిగకపోతే? అప్పుడేం చెప్పుకోను? అది కాదంటున్నది ఈ ఇంటినని, నన్నని తెలిసిపోదూ? ఆ ఒక్క అబద్ధం పట్టుకుని రోజులు నెట్టుకొస్తున్నాను. దాన్ని కూడా మీ మేస్త్రి చేత తవ్వించేస్తున్నారు కదండీ!"

మాస్టారు నిలువునా నీరైపోయాడు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆపేద్దామంటే వాకిలి అప్పటికే గోతులమయం. కత్తెర పడ్డ గుడ్డ లాంటిదే తవ్వేసిన నేల కూడా, వెనక్కి రాదు. మంచం మీద వాలి, ఇంత తెలివితక్కువ పని ఎలా చేశానా అనుకున్నాడు. కాసేపటికి, చేసింది మంచిదేనేమో అనుకున్నాడు. ఆ రెండిటి మధ్యా ఎటూ తేల్చుకోలేక వక్క కొరుకుతూ కూర్చున్నాడు.

పని అయిపోయింది. పూలమడి మీద మేస్త్రి వేసిన సిమెంటు ఇంకా తడి ఆరనేలేదు, నిన్ననే నాటిన మొక్కలు వాలిపోయి ఉన్నాయి, గునపం ఒకటి గోడకు ఆనించి మర్చిపోయాడు. ఆ సాయంత్రమే వ్యాను వచ్చింది.

మాస్టారు గేటు రెక్కలు మడిచి పట్టుకుని నిలబడ్డాడు. భార్య గుమ్మం దగ్గరే ఆగిపోయింది. రొట్టెల వ్యాను ఎప్పటిలాగే వీధిలో ఆగింది. ఆ పిల్ల కిటికీలోంచి చూసింది. బండల పట్టీలు చూసింది, పూలు చూసింది, టైలరు గారిని చూసింది.

"ఇదేంటండీ?"

మాస్టారు ఎన్నోరోజులుగా తయారుచేసుకున్న మాటలన్నీ మరిచిపోయాడు. "చోటు" అన్నాడు.

ఇంజను ఆడుతూనే ఉంది. వెనకనుంచి ఎవరో హారను కొట్టారు. వెళ్ళిపోవచ్చు. "ఈ రోజు తొందరగా వెళ్ళాలండీ" అంటే చాలు. గుమ్మంలో భార్య చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది. ఆ పిల్ల ఒక్క క్షణం స్టీరింగు మీద వేళ్ళతో కొట్టి, బండి తిప్పింది.

చక్రాలు సరిగ్గా పట్టీల మీదికి ఎక్కాయి. వ్యాను మెల్లగా లోపలికొచ్చి కూర్చుంది. అబ్బ, ఏం ఫిట్టింగు! వెనక గేటు మూసుకునేంత చోటు, ముందు గోడకు తగలనంత చోటు, పక్కన పూలు కిటికీని తాకీ తాకనట్టు. ఒక్క ముడత లేదు. ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆ పిల్ల చెయ్యి బయటపెట్టి ఒక పువ్వుని వేలితో ముట్టుకుంది. మాస్టారికి కళ్ళు చెమర్చాయి.

అప్పుడు ఆ పిల్ల తలుపు తీయబోయింది.

టక్. రెండు వేళ్ళ సందు తెరుచుకుని ఇటుకకు కొట్టుకుంది. మళ్ళీ నెట్టింది. టక్.

మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అటు భార్య తలుపుకి అంత ఖాళీ వదిలినవాడు, ఇటు తలుపుందన్న సంగతే మరిచాడు. ఆ పిల్ల దిగాలని అనుకున్న రోజునే దిగడానికి వీల్లేకుండా తనే గోడ కట్టి పెట్టాడు.

ఆ పిల్ల తలుపు లాగేసుకుని చిన్నగా నవ్వింది. "పర్వాలేదులెండి. చాలా బాగుంది టైలరు గారూ. నేనిలాగే కూర్చుంటాను, అమ్మనిలా రమ్మనండి."

చాలా బాగుంది! ఇంతకంటే చెంపదెబ్బ నయం. తల్లి ఎర్ర ఇటుకల బాట మీద నడిచివచ్చి, అవతలి తలుపు బార్లా తీసుకుని, ఎప్పటిలాగే పక్క సీట్లో కూర్చుంది. మాస్టారు చూస్తూ నిలబడ్డాడు. ఇంత చేసి, ఇంత తవ్వి, ఇంత పరిచి, ఆ వ్యానులో కబుర్లని వీధిలోంచి వాకిట్లోకి తెచ్చుకున్నాడు, అంతే. లోపల ఏదో తెగింది.

"బాగాలేదు!" అని అరిచాడు.

తల్లీకూతుళ్ళిద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆయన అరవడం వాళ్ళెప్పుడూ వినలేదు.

"బాగుందనకమ్మా, నీకు దణ్ణం పెడతాను. బాగాలేదు. కొలత తప్పింది. నీ తలుపు మర్చిపోయాను. తిట్టు!"

ఆ పిల్ల తెల్లబోయింది. "ఎలా మర్చిపోయారు? అమ్మ వైపు ఇంత చోటు వదిలారుగా?"

"ఆ తలుపు తెరుచుకోవడం చూశాను కనక వదిలాను. ఈ తలుపు తెరుచుకోవడం నేనెప్పుడూ చూడలేదమ్మా."

ఆ పిల్ల తలుపు పిడి వంక చూసింది. అనరాని మాట అనేశాననుకున్నాడు మాస్టారు. ఆమె మొహం ఎర్రబడింది. ఆ తర్వాత పేలింది చూడండి!

"చూడలేదా? ఎలా చూస్తారు? ఎప్పుడొచ్చినా గుమ్మంలో నిలబడి ఇలా, ఇలా చెయ్యి ఊపుతారు!" కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపి చూపించింది. "రాగానే చెయ్యి ఊపితే, రమ్మంటున్నారనుకోవాలా, వెళ్ళిరమ్మంటున్నారనుకోవాలా? మొదటిసారి వచ్చినరోజు నేను ఇంజను ఆపాను కూడా! మీరు చెయ్యి ఊపారు. సరే, నేను రావడం ఈయనకి ఇబ్బందేమోలే అని మళ్ళీ స్టార్ట్ చేశాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి లోపలికి రా అన్నారా మీరు?"

మాస్టారు గుర్తుచేసుకున్నాడు. లేదు. అనలేదు. రమ్మనడానికి తనెవరు అనుకున్నాడు. తల్లి ఉన్న ఇంటికి ఆ పిల్లని తను రమ్మనడమేమిటి అనుకున్నాడు. అది ఇటునుంచి మర్యాద, అటునుంచి తలుపేసినట్టు.

"లోపలికి రా అమ్మా" అన్నాడు.

"ఎలా రమ్మంటారు? ఎగిరి రమ్మంటారా?" అంటూనే ఆ పిల్ల తల్లిని దించి, గేరు కర్ర మీదుగా ఇటువైపు పాకడం మొదలుపెట్టింది. జడ సీటుకి తగులుకుంది, ఒక చెప్పు స్టీరింగు కింద ఉండిపోయింది. "ఊరంతా గొప్పగా చెప్పుకుంటారు, ఫిట్టింగట ఫిట్టింగు! మనిషి ఊపిరి పీల్చుకోవద్దా? రోజూ ఇలా పాకమంటారా నన్ను?"

రోజూ అంది. తల్లీ విన్నది, మాస్టారూ విన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, చూసుకుంటే ఏడుపొస్తుందని.

ఆ పిల్ల ఒంటి చెప్పుతో ఇటుకల బాట మీద నిలబడి నడుముమీద చేతులు పెట్టుకుంది. మాస్టారి నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది. "రేపు రా అమ్మా, సరిచేసి పెడతాను."

"రేపా? మీ రేపు సంగతి మా అమ్మ చెప్పలేదనుకున్నారా? ఆ గునపం ఎవరిది?"

తల్లి వడ్డించిన కంచం చేతికిస్తే, ఆ పిల్ల నిలబడే నాలుగు ముద్దలు తిని, కంచం మెట్టుమీద పెట్టేసింది. మళ్ళీ ఇటునుంచి పాకి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. మాస్టారు పూలమొక్కలు వేళ్ళతో సహా తీసి పక్కన పెట్టి, పచ్చి సిమెంటులోంచి ఇటుకలు ఒక్కొక్కటే ఊడదీశాడు. ఒక వరుస తీసి, "చూడు" అన్నాడు. ఆమె తలుపు నెట్టింది. టక్. "ఇంకొంచెం" అంది. ఇంకో వరుస తీశాడు. టక్. "ఇంకా." పుట్టి బుద్ధెరిగాక మాస్టారు ఎవరికీ ఇన్నిసార్లు ట్రయలు వెయ్యలేదు. చెమటలు కారుతున్నాయి, మోకాళ్ళు మట్టికొట్టుకుపోయాయి.

"ఇప్పుడెలా ఉంది?"

"కాలు పడుతుంది, ఒళ్ళు పట్టదు. ఏమండీ, మీరు లూజు అన్నమాటే వినలేదా జన్మలో?"

"వదులుగా ఉంటే అందం చెడుతుందమ్మా..."

"చెడనివ్వండి!"

మాస్టారు ఇక ఎదురు చెప్పలేదు. మడి అటువైపు సగందాకా పడగొట్టేశాడు. ఎంత కష్టపడి గీత కొట్టించిన మడి! పోతేపోనీ అనుకున్నాడు. తలుపు మెల్లగా, ఎక్కడా తగలకుండా, చివరిదాకా తెరుచుకుంది. ఆ పిల్ల చెప్పు లేని కాలు ముందు కిందపెట్టింది, తర్వాత చెప్పున్న కాలు. దిగి, తలుపు వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేసి చూసింది.

"ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అంది.

మెట్టుమీద కంచంలో అన్నం చల్లారిపోయింది. లోపల మాస్టారికి వడ్డించిన కంచంలోనూ చల్లారిపోయింది. తల్లి గుమ్మంలోకి వచ్చి ఆ ఇటుకల కుప్పనీ, మట్టికొట్టుకుపోయిన ఆ ఇద్దర్నీ చూసి, "తిండీ తిప్పలూ లేకుండా ఏమిటర్రా మీ ఇద్దరి గోల, కాళ్ళు కడుక్కుని లోపలికి తగలడండి" అని ఇద్దర్నీ కలిపి తిట్టింది.